మించకూడనివి, తగ్గకూడనివి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి. మావారు ఏరు దాటి పాతపట్నంలో ఒక కిరాణా కొట్లో గుమాస్తాగా చేస్తున్నారు. జీతం 14,000. నేను ఇంట్లో జంతికలు, అరిసెలు చేసి ఊళ్ళో ఒక షాపుకి వేస్తాను. పండగల నెలలు నాలుగింట్లో ఐదు వేలు వస్తుంది, మిగతా ఎనిమిది నెలలూ మూడు వేలు దాటదు. మేమిద్దరం, అత్తగారు, ఇద్దరు పిల్లలు. అద్దె 3,500, అత్తగారి మందులు 1,500, ట్యూషన్లు 2,000, కరెంటు, ఫోను, గ్యాసు కలిపి 1,500, చిట్టీ 2,000. ఆ చిట్టీ ఆడపడుచు పెళ్ళికి పాడేసుకున్నాం, ఇంకా 14 నెలలు కట్టాలి. రేషను బియ్యం పోగా తిండికి 6,000, పైఖర్చులకి 1,000 అవుతుంది. ఇరవయ్యో తారీకు దాటితే పక్కింట్లో ఐదు వందలు చేబదులు తేవలసి వస్తోంది. మావారు నాది దుబారా చెయ్యి అంటారు. పాప ఈ మధ్యే ప్లస్ టూ సైన్సులో చేరింది. డిగ్రీకి వెళ్ళేసరికి ల్యాప్‌టాప్‌కి 40,000 కావాలి. నెలకి 2,000 దాచాలని ఎన్నిసార్లు అనుకున్నా కుదరడం లేదు. తిండిలో వెయ్యి తగ్గించమంటారా? వీధిలో ఒకావిడ మూడు రూపాయల వడ్డీకి 5,000 ఇస్తానంటోంది, తెచ్చి పెట్టుబడి పెంచమంటారా? ఇంకో మాట. పాప < > గుర్తుల లెక్కలు చేస్తూ “ఇవి ఎందుకు పనికొస్తాయమ్మా” అని అడిగింది. నాకు చెప్పడం రాలేదు.

జవాబు: అమ్మా, మీరు మూడు ప్రశ్నలు అడిగాననుకున్నారు. నాకైతే ఒక్కటే కనిపించింది. పాప అడిగినదానికి జవాబు మీ మిగతా రెండు ప్రశ్నల్లోనే ఉంది. అందుకని ఈ ఉత్తరం పాపని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. మీవారు కూడా వింటే మరీ మంచిది, ఎందుకంటే ముందు ఆయన మాట సంగతే తేల్చాలి.

అద్దె, మందులు, ట్యూషన్లు, కరెంటు వగైరా, చిట్టీ. ఈ ఐదూ మీరు అనుకున్నా తగ్గేవి కావు. కూడితే 10,500. తిండి, పైఖర్చులు కలిపితే 17,500. మామూలు నెలలో ఇంటికొచ్చేది జీతం 14,000, మీ సంపాదన 3,000, వెరసి 17,000. ఖర్చు రాబడికి మించకూడదు కదా, ఆ మాటనే గుర్తుతో రాస్తే 17,500 ≤ 17,000 అవుతుంది. పాపని అడగండి, ఇది నిజమా అని. కాదంటుంది. మీరు వండినా, మీవారు వండినా, నేనొచ్చి వండినా అది నిజం కాదు. ఆ తేడా 500 రూపాయలే మీరు పక్కింటి నుంచి తెచ్చుకుంటున్నది. సరిగ్గా అంతే తెస్తున్నారు చూడండి, పది రూపాయలు అటూ ఇటూ లేకుండా. దుబారా చెయ్యి అలా ఉండదు.

పండగ నెలలో 19,000 వస్తుంది, 1,500 మిగులుతుంది. ఎనిమిది నెలల లోటు 4,000. నాలుగు నెలల మిగులు 6,000. చేబదుళ్ళు తీర్చేశాక ఏడాది మొత్తానికి మీ చేతిలో నిలిచేది 2,000. మీరు దాచాలనుకున్నదీ 2,000 రూపాయలే, కాకపోతే నెలకి! ఇక్కడే వచ్చింది చిక్కంతా. మీరు పెట్టుకున్న షరతులన్నీ ఒకేసారి నిజమయ్యే చోటు ఎక్కడా లేదు. లెక్కల భాషలో దీన్ని ‘సాధన లేదు’ అంటారు. పరీక్షలో పాప ఆ రెండు ముక్కలు రాస్తే పూర్తి మార్కులు వేస్తారు. ఇంట్లో మాత్రం అదే జవాబుకి ఆడవాళ్ళకి తిట్లు పడతాయి.

ఇప్పుడు గుర్తుల సంగతి. చిన్నప్పటి నుంచి పిల్లలకి మనం = గుర్తు ఒక్కటే అలవాటు చేస్తాం. ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది, సరి. నిజానికి ఇంట్లో మనం వాడే మాటలు అవి కావు. ‘వెయ్యికి మించకుండా చూడు’, ‘కనీసం అరకిలో అయినా తీసుకురా’, ‘ఎంత తక్కువన్నా ఇద్దరు మనుషులు కావాలి’. మించకుండా అంటే ≤. కనీసం అంటే ≥. మీ ఊళ్ళోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు నోటిమాటే రాతలోకి రావాలని అంత పోరాడారు కదా, ఈ లెక్కల పాఠానికి కూడా ఆ ధర్మం వర్తిస్తుందని నా నమ్మకం. పాపకి బళ్ళో ఇంగ్లీషు, స్నేహితులతో ఒడియా, ఇంట్లో తెలుగు. మూడు భాషల్లోనూ ఆ గుర్తు ఒకటే, మొదట అర్థం కావలసింది మాత్రం ఇంటి మాటలోనే. ఈ < > గుర్తులు మొదట అచ్చయింది 1631లో, థామస్ హారియట్ అనే ఇంగ్లీషాయన పోయిన పదేళ్ళకి వచ్చిన ఆయన పుస్తకంలో. అంతకు ముందు జనం సంసారాలు చెయ్యలేదా అంటే చేశారు, ‘మించకుండా’ అనుకుంటూ.

= గుర్తుతో సంసారం చేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. రాయగడలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నెల మొదట్లో పద్దు రాసుకున్నాను. అద్దె ఇంత, మెస్సు ఇంత, ఇంటికి మనియార్డరు ఇంత. చివరి రూపాయి దాకా పంచేసి, రెండు వైపులా సమానం వచ్చిందని మురిసిపోయాను. లెక్కల మాస్టారిని కదా! పదకొండో తారీకున చెప్పు తెగింది. కొత్త చెప్పులకి పద్దులో చోటు లేదు. మిగతా నెలంతా తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుని బడికెళ్ళాను, పిల్లలు నా పాదాలనే చూసేవారు. ఆ తర్వాత ఎప్పుడూ పద్దులో = వాడలేదు.

ఇక తిండి. వెయ్యి తగ్గిస్తే ఏడాదికి 12,000 మిగులుతుంది, ఇప్పటి 2,000తో కలిపి 14,000. మీరు కోరుకున్న 24,000 అప్పటికీ రాదు. కడుపు కట్టుకుని కూడా గీత దాటలేనప్పుడు కట్టుకోవడం ఎందుకు? పైగా తిండికి మీరు రాసిన 6,000 గరిష్ఠం కాదు, కనిష్ఠం అని నా అనుమానం. ఎదిగే పిల్లలు ఇద్దరు, మందులు వాడే పెద్దావిడ. అక్కడ రాయవలసిన గుర్తు ≥.

ఈ తిండి లెక్క మీద ఒక ముచ్చట చెప్పాలి. 1945లో జార్జ్ స్టిగ్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త ఒక మనిషికి కావలసిన పోషకాలన్నీ అందుతూ అతి తక్కువ ఖర్చయ్యే తిండి ఏమిటని లెక్క వేశాడు. 77 రకాల తినుబండారాలు, 9 పోషకాలు. ప్రతి పోషకానికీ ‘ఇంతకి తగ్గకూడదు’ అని ఒక షరతు. ఆయనకి వచ్చిన జవాబు 1939 ధరల్లో ఏడాదికి 39 డాలర్ల 93 సెంట్లు. రెండేళ్ళ తర్వాత, 1947లో, జార్జ్ డాంట్జిగ్ ఇలాంటి లెక్కలకి ఒక పద్ధతి కనిపెట్టాడు. దాన్ని పరీక్షించడానికి ఇదే లెక్కని తొమ్మిది మంది గుమాస్తాలకి చేతితో నడిపే లెక్కల మిషన్లు ఇచ్చి చేయించారు. 120 మనిషి రోజులు పట్టింది. జవాబు 39 డాలర్ల 69 సెంట్లు. ఇంత చేసి తగ్గించింది ఏడాదికి 24 సెంట్లు! అంతకన్నా తమాషా, స్టిగ్లర్ జాబితాలో మిగిలిన తిండి. గోధుమపిండి, డబ్బా పాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు. ఏడాది పొడుగునా అవే. నోటికి రుచి ఉండాలన్న షరతు ఆయన రాయలేదు, అందుకని లెక్క దాన్ని పట్టించుకోలేదు. కాగితం మీద వెయ్యి తగ్గించే ముందు ఇది గుర్తుంచుకోండి. మీరు రాయని షరతు లెక్కకి తెలియదు, మీ అబ్బాయి కంచం ముందు కూర్చున్నప్పుడే తెలుస్తుంది.

కాబట్టి ఖర్చు వైపు కెలికి లాభం లేదు. కదిలే అంకె మీ సంపాదన ఒక్కటే. అసలు రసం ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా వెళ్దాం.

మీ ఉత్తరం వెనక వంట వివరాలు రాశారు. లెక్క సులువు కోసం కొంచెం గుండ్రం చేశాను. సరుకులకి కిలోకి జంతికలైనా అరిసెలైనా దాదాపు 100 పడుతోంది. జంతికల మీద కిలోకి 60, అరిసెల మీద 100 మిగులుతోంది. జంతికలు కిలోకి గంట పని. అరిసెలకి బియ్యం నానబెట్టడం, తడిపిండి, పాకం, ఒత్తడం అంతా కలిపి కిలోకి రెండు గంటలు. వారానికి మీరు పెట్టగలిగే డబ్బు 1,800, దొరికే సమయం 24 గంటలు. పండగ రోజుల్లో కూడా షాపతను వారానికి 8 కిలోలకి మించి అరిసెలు తీసుకోడు.

పాప పుస్తకంలో ఎక్స్, వై ఉంటాయి. మనకి జ, అ చాలు. జంతికలు జ కిలోలు, అరిసెలు అ కిలోలు. డబ్బు షరతు 100జ + 100అ ≤ 1,800, అంటే జ + అ ≤ 18. సమయం షరతు జ + 2అ ≤ 24. గిరాకీ షరతు అ ≤ 8. జ, అ సున్నాకి తగ్గకూడదని కూడా రాయాలి. అందరూ నవ్వుతారు కానీ అది రాయకపోతే మైనస్ రెండు కిలోల అరిసెలు చెయ్యమని జవాబు వచ్చే ప్రమాదం ఉంది.

పాపని గ్రాఫు కాగితం తెమ్మనండి. అడ్డంగా జంతికలు, నిలువుగా అరిసెలు. డబ్బు గీత అడ్డం మీద 18 నుంచి నిలువు మీద 18కి. సమయం గీత అడ్డం మీద 24 నుంచి నిలువు మీద 12కి. అరిసెల దగ్గర 8 ఎత్తులో ఒక పడుకున్న గీత. ఏ గీతకి ఏ పక్క మనదో తెలియకపోతే రెంటికీ సున్నా పెట్టి చూడమనండి. ఏమీ వండని రోజు డబ్బూ సమయమూ మించవు కదా, కాబట్టి సున్నా ఉన్న పక్కే మనది. అన్ని గీతలకీ లోపల మిగిలిన జాగా మీ వంటిల్లు. దాంట్లో ఏ చుక్క మీద వేలు పెట్టినా అది మీరు చెయ్యగలిగిన వారమే.

మరి లాభం ఎక్కువ ఎక్కడ? లాభం 60జ + 100అ. కిలోకి లాభం చూసి మీరు అరిసెలతో మొదలుపెడుతున్నారు. ముందు 8 కిలోల అరిసెలు, అవి 16 గంటలు తినేస్తే మిగిలిన 8 గంటల్లో 8 కిలోల జంతికలు. లాభం 480 + 800 = 1,280. నెలకి ఐదు వేల చిల్లర. మీరు రాసినదానితో సరిపోయింది. కానీ చూడండి, 16 కిలోలకి 1,600 అయింది, 200 పెట్టెలోనే ఉండిపోయింది. అదే 12 కిలోల జంతికలు, 6 కిలోల అరిసెలు చేస్తే? డబ్బు 1,800 పూర్తిగా వాడారు, సమయం 24 గంటలు పూర్తిగా వాడారు. లాభం 720 + 600 = 1,320. ఒక్క జంతికలే 18 కిలోలు చేస్తే 1,080, ఒక్క అరిసెలే 8 కిలోలైతే 800. జాగాకి ఉన్న మూలల్లో పెద్దది 1,320 మూల.

మూలలే ఎందుకు చూడాలని పాప అడుగుతుంది. అడగాలి కూడా. స్కేలు తీసుకుని లాభం 600 వచ్చే చుక్కలన్నీ కలిసేలా పెట్టమనండి. ఆ స్కేలుని వాలు మార్చకుండా పైకి జరుపుకుంటూ వెళ్తే లాభం పెరుగుతూ ఉంటుంది. వంటిల్లు దాటిపోయే ముందు స్కేలు చివరగా తాకేది ఒక మూలనే. పుస్తకంలో రెండు పేజీల్లో చెప్పేది ఇదే.

1,280కీ 1,320కీ తేడా వారానికి నలభై రూపాయలే, దీనికోసం ఇంత గ్రాఫా అంటారేమో. నలభై గురించి కాదమ్మా. ఆ మూల దగ్గర ఇంకో రహస్యం ఉంది. అరిసె మీద కిలోకి 100 మిగిలినా గంటకి వచ్చేది 50 మాత్రమే. జంతికల మీద గంటకి 60. సమయం కరువైనప్పుడు జంతికలు మేలు, డబ్బు కరువైనప్పుడు అరిసెలు మేలు. ఏది కరువో తెలియకుండా ‘ఏది లాభం’ అని అడిగితే సగమే అడిగినట్టు. బరంపురంలో అప్పడాలు చేసే ఆడవాళ్ళని అడిగితే ఈ మాట గ్రాఫు లేకుండానే చెబుతారు, వాళ్ళకి ఎండ కూడా ఒక షరతు.

ఇప్పుడు 5,000 అప్పు సంగతి. పండగ నెలే తీసుకుందాం. డబ్బు గీతని ఎంతో దూరం జరిపేశారనుకోండి. మిగిలింది సమయం, 24 గంటలు. అప్పుడు అన్నీ జంతికలే చేస్తే 24 కిలోలు, లాభం 1,440. దానికి కావలసిన డబ్బు 2,400. అంటే మీ 1,800కి అదనంగా పనికొచ్చేది 600. మిగతా 4,400 రూపాయలకి వంటింట్లో పని లేదు, గంటలు అయిపోయాయి. డబ్బు నిద్రపోతుంది, వడ్డీ మాత్రం మేలుకునే ఉంటుంది. నూటికి మూడు చొప్పున 5,000కి నెలకి 150, ఏడాదికి 1,800. మీకొచ్చే అదనపు లాభం వారానికి 120, అదీ నాలుగు నెలలే, మొత్తం 1,920. ఏడాదంతా అప్పు మోసి సంపాదించింది 120 రూపాయలు. అసలు అలాగే ఉంటుంది. ఆవిడకి దండం పెట్టి వద్దనండి. ఆ 600 పండగ ముందు మీ మిగులులోంచే తీసి పెట్టుకోవచ్చు.

మామూలు నెలల్లో అయితే ఆ అప్పు మరీ దండగ. ఆ ఎనిమిది నెలలూ షాపతను వారానికి 10 కిలోల జంతికలు, కిలోన్నర అరిసెలకి మించి తీసుకోవడం లేదని రాశారు. లాభం 600 + 150 = 750. నెలకి మూడు వేలు. ఇందుకు అయ్యే డబ్బు 1,150, సమయం 13 గంటలు. అంటే ఇప్పటికే వారానికి 650 రూపాయలు, 11 గంటలు ఖాళీగా ఉన్నాయి. మిమ్మల్ని ఆపుతున్న గోడ డబ్బు కాదు, సమయమూ కాదు, అమ్మకం. డబ్బు గోడని ఎంత వెనక్కి నెట్టినా అమ్మకం గోడ అక్కడే ఉంటుంది. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. ఇన్నాళ్ళూ మీరు మీ ఖర్చు మీద, ఇప్పుడు అప్పు మీద దృష్టి పెట్టారు. అడ్డున్నది మూడోది.

అది పెద్ద గోడేమీ కాదు. మామూలు నెల లోటు 500. జంతికల మీద కిలోకి 60. 60జ ≥ 500. భాగిస్తే 8.33. ఇక్కడ పాప తప్పు చేస్తుంది చూడండి, దగ్గరి అంకె కదా అని 8 వేస్తుంది. ‘కనీసం’ అన్న చోట పైకి జరగాలి, 9. ‘మించకుండా’ అన్న చోట కిందికి జరగాలి. అంటే నెలకి తొమ్మిది కిలోలు, వారానికి కాదు, నెలకి తొమ్మిది కిలోల జంతికలు అదనంగా అమ్మితే పక్కింటి గడప ఎక్కనక్కర్లేదు.

అమ్మడానికి మీ చేతిలో దారులున్నాయి. మీవారు రోజూ మహేంద్రతనయ దాటి పాతపట్నం వెళ్తున్నారు. సంచీ ఒకటి పట్టుకెళ్ళడానికి అదనపు ఛార్జీ లేదు. ఆయన కొట్లోనో పక్క కొట్లోనో ఒక సీసా పెట్టించమనండి. దుబారా అన్నందుకు ఆ మాత్రం మోత మోయవచ్చు. ఇటు పక్క, మన అరిసెనే ఒడియా ఇళ్ళల్లో ఆరిసా పిఠా అంటారు, మీకు నేను చెప్పాలా. మార్గశిర మాసంలో ప్రతి గురువారం లక్ష్మీపూజకి వాళ్ళు పిఠాలు నైవేద్యం పెడతారు. జూన్‌లో రజ పండగ వస్తుంది. మన క్యాలెండరులో ఖాళీగా కనబడే నెలలు వాళ్ళ క్యాలెండరులో ఖాళీ కావు. సరిహద్దులో ఉన్నందుకు మనకి రెండు రాష్ట్రాల కాగితాల బాధ ఎలాగూ తప్పదు, రెండు పండగల లాభమైనా తీసుకోవాలి.

వారానికి 6 కిలోల జంతికలు అదనంగా పోతాయనుకుందాం. డబ్బు 600, ఉన్న 650లో సరిపోయింది. సమయం 6 గంటలు, ఉన్న 11లో సరిపోయింది. అదనపు లాభం వారానికి 360, నెలకి 1,440. అప్పుడు మామూలు నెల రాబడి 18,440, మిగులు 940. పండగ నెలల్లో ఆ 1,320 మూలకి జరిగితే నెలకి 5,280, మిగులు 1,780. ఏడాదికి 7,520, 7,120 కలిపి 14,640. సగటున నెలకి 1,220. మీ 2,000కి ఇంకా తక్కువే. కానీ చిట్టీని మర్చిపోకండి. మీవారు దాన్ని పొదుపు కింద చూస్తున్నారేమో, ఎత్తేసిన చిట్టీ పొదుపు కాదు, అప్పు వాయిదా. కాకపోతే తీరే తారీకు ఉన్న అప్పు. 14 నెలలకి చేరేది 17,080. ఆ తర్వాత నెలకి 2,000 కలిసి 3,220 అవుతుంది. ఇరవై రెండో నెలకి 42,840. అన్నీ అనుకున్నట్టు జరిగితే పాప ప్లస్ టూ ముగిసే రోజులకి. జరగవు. ఎవరో ఒకరికి జ్వరం వస్తుంది, ఎవరిదో పెళ్ళి వస్తుంది. ఆ పైన కనిపిస్తున్న 2,840 అందుకోసమే, దాన్ని ముందే పంచెయ్యకండి. నా చెప్పు గుర్తుందిగా.

పాపకి పాఠంలో ఇంకొకటి కష్టంగా ఉంటుంది, అందరికీ ఉంటుంది. రెండు వైపులా మైనస్ అంకెతో గుణిస్తే గుర్తు తిరగబడుతుందని చెప్తారు. ఎందుకో చెప్పరు. అప్పుల్లో చూపించండి. చేతిలో 500 ఉన్నవాడు 300 ఉన్నవాడి కంటే పైన. 500 > 300. అదే 500 అప్పున్నవాడు 300 అప్పున్నవాడి కంటే కింద. −500 < −300. అంకెలు అవే, మనుషుల వరుస మారింది. ఆ మాత్రం తెలిస్తే ఇక బట్టీ పట్టక్కర్లేదు.

మీవారికి ఈ గ్రాఫు చూపించేటప్పుడు కొంచెం మెత్తగానే చూపించండి. 17,500 ≤ 17,000 దగ్గర వేలు పెట్టి ఊరుకోండి, మిగతాది ఆయనే అంటారు. అనకపోతే ఇంకో ఉత్తరం రాయండి.

ఒక వివరం మాత్రం మీరు రాయలేదు. పండగ రోజుల్లో షాపతను అరిసెలు 8 కిలోల వరకే అన్నారు. మరి జంతికలు ఎంత వరకు? నేను పైన 24 కిలోలు ధారాళంగా వేసేశాను. అతను 20 దగ్గర ఆపేస్తే గ్రాఫులో ఇంకో నిలువు గీత పడుతుంది, ఆ 600 కూడా అక్కర్లేదు, 400 చాలు. రేపు సరుకు వెయ్యడానికి వెళ్ళినప్పుడు అతన్ని అడగండి. ఆ గీత గీసి, కొత్త మూల ఎక్కడొచ్చిందో, లాభం ఎంతైందో కనుక్కునే పని పాపది. నాకు 1,400 వచ్చింది. తనకి ఎంత వచ్చిందో రాయమనండి.